ముందు ఎవరినడుగుతారు?

పరిశోధనలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రాయచూరు కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెప్పి రిటైరయ్యాననీ, గంజ్‌లో, అంటే మా ధాన్యం మార్కెట్‌లో, వ్యాపారుల మీద పెద్ద పరిశోధన చేశాననీ ఎవరో చెప్పి పంపిస్తారు. వచ్చినవాళ్ళు సంచిలోంచి ప్రశ్నావళి తీసి నా ముందు పెట్టి, "మేడం, ప్రశ్నలు సరిగ్గా ఉన్నాయా చూడండి" అంటారు. ప్రశ్నలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి. నావీ సరిగ్గానే ఉండేవి. నా దగ్గర చెడిందల్లా జవాబులు చేతికొచ్చాక. ఆ సంగతి ఒకసారి కూర్చుని రాసేస్తే, వచ్చిన ప్రతివాళ్ళకీ టీ పోసి మొదట్నుంచీ చెప్పే శ్రమ తప్పుతుందని రాస్తున్నాను. గంజ్‌లో పాతవాళ్ళకు ఇందులో సగం తెలుసు. మిగతా సగం రాయడానికి, ఎవరి బతుకులో ఇది జరిగిందో ఆమె దగ్గరికి వెళ్ళి అనుమతి అడిగి వచ్చాను. ఆ ఇంటి పెద్ద ఇప్పుడు లేరు. ఆమె "రాయండక్కా" అన్నది. ముందు అడగాలన్న బుద్ధి నాకు ఇంత ఆలస్యంగా వచ్చింది.

మాది తరతరాలుగా రాయచూరులో ఉంటున్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో ఉర్దూ. అందుకే ఉద్యోగం చివరి ఏళ్ళలో ఆ ప్రాజెక్టు చేతికొచ్చినప్పుడు నాకు కొంచెం తలపొగరు ఉండేది. బెంగళూరు నుంచి వచ్చే పరిశోధకులకు గంజ్‌లో అడుగు పెట్టాలంటే వెంట ఒక మనిషి కావాలి. నాకెందుకు? ఏ దుకాణం మెట్లెక్కినా "ఫలానా ఆయన బిడ్డవు గద, రా, కూసో" అనేవాళ్ళు. కూర్చోగానే టీ వచ్చేది. గంజ్‌లో టీ తాగనిదే ఎవరూ నోరు విప్పరు. ఆ ప్రాజెక్టు పూర్తయ్యేసరికి నన్ను డాక్టరు చక్కెర మానమన్నాడు.

మేము తెలుసుకోవాలనుకున్నది ఇది: మా ఊళ్ళో కొత్త వ్యాపారాలు ఎట్లా పుడతాయి, వాటికి పెట్టుబడి ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎవరికి ఎవరు అండ. దీనికోసం ప్రతి వ్యాపారినీ అడిగే ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉండేది. "మీరు కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలంటే, పెట్టుబడికి ముందు ఎవరినడుగుతారు?" జవాబు చెప్పిన మనిషి కాగితం మీద ఒక చుక్క. ఆయన ఎవరి పేరు చెబితే వాళ్ళు ఇంకో చుక్క. ఈ చుక్క నుంచి ఆ చుక్కకు ఒక బాణం. అందరి జవాబులూ కలిపితే గంజ్ మొత్తం పెద్ద ముగ్గులా పరుచుకుంటుంది. ఏ చుక్కకు ఎక్కువ బాణాలు వచ్చి చేరితే అక్కడ ఉన్నట్టు అసలైన పెద్దమనిషి. పేర్లు ఎక్కడా వేయం. "మీ పేరు బయటికి రాదు" అని ప్రతి ఒక్కరికీ మాట ఇచ్చాకే ప్రశ్న అడిగేవాళ్ళం.

గంజ్‌లో పెట్టుబడి అడగడానికి ఒక వరస ఉంది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. ముందు ఇంటి పెద్దను అడగాలి. ఆయన నా వల్ల కాదంటే గంజ్‌లో ఎవరినైనా అడగాలి. వాళ్ళూ కాదంటేనే ఊరి బయట. ఈ వరస తప్పి ఎవరైనా నేరుగా బయటివాళ్ళను అడిగారంటే గంజ్ దానికి ఒకటే అర్థం తీస్తుంది: ఆ ఇంటి పెద్ద గల్లా ఖాళీ అయింది. అడ్తి దుకాణం నడిపే మనిషికి ఇంతకంటే చెడ్డమాట లేదు. రైతులు పంట తెచ్చి ఆయన దగ్గర దింపుతారు, ఆయన అమ్మిపెడతాడు. వచ్చిన డబ్బు వెంటనే అవసరం లేనివాళ్ళు ఆయన దగ్గరే ఉంచి పోతారు. అంతా భరోసా మీద నడుస్తుంది. ఈ వరస సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా వ్యాసంలో దాని గురించి ఒక పేరా రాశాను కూడా. ఆ పేరా చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

ఆమెను కలిసింది సర్వే మొదట్లోనే. గంజ్‌లో ఒక పాత అడ్తి దుకాణం వాళ్ళ ఇంటి చిన్న కోడలు. దుకాణం ఆమె బావగారిది, అంటే భర్త అన్నగారిది. భర్త అక్కడే అన్న చేతికింద పని చేసేవాడు. దుకాణం వెనక గోదాములో సగం ఖాళీగా పడి ఉంటే బావగారు దాన్ని ఈమెకిచ్చారు. అందులో ఆమె కడక్ రొట్టెలు చేయించేది. జొన్న రొట్టెను కాగితమంత పలచగా తట్టి, కాల్చి, గలగలలాడేదాకా ఆరబెడతారు. ఎన్నాళ్ళున్నా చెడదు. చంద్రబండ నుంచి ఆడవాళ్ళు పొద్దున్నే బస్సులో వచ్చి రొట్టెలు తట్టి, సాయంత్రం బస్సులో వెళ్ళేవాళ్ళు. శక్తినగర్ విద్యుత్కేంద్రం క్వార్టర్లలో, కాలేజీ హాస్టళ్ళలో ఆమె రొట్టెలే తినేవాళ్ళు. హైదరాబాదు నుంచి అడుగుతున్నారు, బెంగళూరు నుంచి అడుగుతున్నారు, పంపడానికి చేతులు చాలడం లేదు. పిండి కలిపే యంత్రం, వానాకాలంలో కూడా ఆరబెట్టే గది, మంచి ప్యాకింగు కావాలి. ఇవి వస్తే చంద్రబండ వాళ్ళకు ఏడాది పొడుగునా పని ఇస్తానని ఆమె మాట ఇచ్చింది. పొలం పనులు లేని నెలల్లో కర్నూలుకో హైదరాబాదుకో కూలికి వెళ్ళే అవసరం ఉండదని వాళ్ళూ ఆశ పెట్టుకున్నారు.

నేను నా ప్రశ్న అడిగాను. ఆమె లేచి, గోదాముకూ దుకాణానికీ మధ్య ఉన్న తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది.

"అక్కా, గిది మా బావకు తెల్వొద్దు."

"తెలీదమ్మా. ఎవరికీ తెలీదు."

"బావను అడిగితె లేదనడు. గది నాకు ఎర్కే. లేదనుడు ఆయనకు రాదు. గాని ఈ ఏడు ఆయన తాన లేదక్కా. నేనడిగితె యాడికెల్లన్న తెచ్చిస్తడు, మల్ల ఆయన మునుగుతడు. గందుకె అడుగుత లేను. బెంగళూరుల గిట్ల పెట్టుబడి పెట్టెటోళ్ళుంటరంట గద? ముందు వాళ్ళనే అడగాలని ఉన్నది."

పరిశోధకులకు ఇటువంటి జవాబు దొరికిన రోజు పండగ. ఇంటి పెద్ద పరువు కాపాడటానికి ఆ పెద్దకే చెప్పకుండా వరస తప్పుతున్న మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది. నాకు మాత్రం ముగ్గు దాటి ఊరి బయటికి పోతున్న ఒక బాణం కనిపించింది. చివరికి లెక్క తేలాక కూడా గంజ్ మొత్తంలో అటువంటిది అదొక్కటే. మనసులో ఎగిరి గంతేశాను. ఇప్పుడు తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నా పాత విద్యార్థి ఒకడు బెంగళూరులో, కొత్త వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టే ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాడు. అతని నంబరు ఆమెకిచ్చాను. చూసి రాసుకోవాల్సిన మనిషిని, మధ్యలో చెయ్యి పెట్టాను. మంచిపనే చేశానని అప్పుడు నా నమ్మకం. అతను వచ్చాడు. గోదాము చూశాడు, చంద్రబండ ఆడవాళ్ళతో మాట్లాడాడు, రొట్టె విరిచి పల్లి పొడితో తిన్నాడు. ఒకటి తిని ఆపలేదు. వెళ్ళేటప్పుడు చెప్పాడు: తన పైవాళ్ళు చూసేవి ముఖ్యంగా రెండు, పని చేసుకునే స్థలం గట్టిగా ఉండాలి, ఇంట్లోవాళ్ళ అండ ఉండాలి. ఆమె తలూపింది. స్థలం బావగారు ఇచ్చిందే, అండ కూడా ఆయనదే. పైవాళ్ళ ఒప్పుదల రాగానే ఆయనకు తానే చెప్పుకుంటానన్నది. "ముందు కానియ్యి అక్కా, అప్పుడు చెప్తె ఆయనకు సంతోషమైతది. ఇప్పుడే చెప్తె నేనే ఇస్త అంటడు."

ఆ చుక్కల బొమ్మ గీసింది నాతో కలిసి పని చేసిన గణాంకశాస్త్రం అధ్యాపకుడు. నాకంటే చాలా చిన్నవాడు, కన్నడిగుడు, నెమ్మదస్తుడు. ప్రాజెక్టుకు నిధులిచ్చినవాళ్ళు మహిళల సంగతి విడిగా చూపించమన్నారని, ఆడవాళ్ళ చుక్కలకు ఎర్ర రంగు వేయమన్నాను. మా సర్వేలో సొంతంగా వ్యాపారం చేసే ఆడవాళ్ళు ఇద్దరే. ఒకరు పెద్దావిడ, భర్త పోయాక దుకాణం తానే నడిపిస్తోంది. గంజ్‌లో ఆమెను అందరూ అవ్వ అంటారు. ఆమె చుక్క చుట్టూ బాణాలే. రెండో ఎర్ర చుక్క బొమ్మ అంచున ఉంది. దానికి వచ్చే బాణం ఒక్కటీ లేదు. పోయే బాణం ఒకటే, అదీ ఊరి హద్దు గీత దాటి.

"రంగు బేడ మేడం," అన్నాడతను. వద్దని.

"ఎందుకు? పేర్లు లేవు కదయ్యా."

"ఇద్దరే ఉన్నప్పుడు పేరెందుకు మేడం? గుర్తుపట్టరా?"

"నువ్వు లెక్కలు చూసుకో. గంజ్ సంగతి నాకు వదిలెయ్," అన్నాను. అతను ఇంకోసారి చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. నా కింద పని చేసేవాళ్ళు నా మొహం చూసి ఊరుకోవడం అప్పట్లో నాకు గౌరవంలా అనిపించేది.

ఎవరి దగ్గర సమాచారం తీసుకున్నామో వాళ్ళకే ముందు ఫలితాలు చెప్పాలని నేను క్లాసులో ఎప్పుడూ చెప్పేదాన్ని. మంచి సూత్రమే. కానీ నిజం చెప్పాలంటే, పెద్ద పెద్ద సెమినార్లలో మాట్లాడినదాన్ని మా గంజ్ వాళ్ళ ముందు ఒకసారి మైకు పట్టుకుని మాట్లాడాలని నాకు కోరిక. వాళ్ళు కూడా సంతోషంగా వ్యాపారుల సంఘం హాలు ఇచ్చారు. ఎండాకాలం. కూలర్లు రొద పెడుతున్నాయి. వెనక బల్ల మీద మిర్చి బజ్జీలు, మండక్కి బొరుగులు పెట్టారు. వాటి కోసం కొందరు, నా కోసం కొందరు వచ్చారు. బెంగళూరు కుర్రాణ్ణి కూడా నేనే రమ్మన్నాను. మా ఊరి పరిశోధన చూసి పోతాడని.

బావగారు ముందే వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. తెల్లటి ధోవతి, భుజం మీద తువ్వాలు. నన్ను చూసి చెయ్యెత్తి, "మన ఊరి బిడ్డ మాట్లాడుతుంటె వినొద్దా?" అన్నారు. చిన్న కోడలు వెనక ఆడవాళ్ళ వరసలో ఉంది.

తెర మీద బొమ్మ పడగానే హాలంతా ముందుకు వంగింది. అంతసేపూ సెల్‌ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు. ఒక బియ్యం వ్యాపారి లేచాడు.

"మేడం, నడుమల గా లావు చుక్క నేనేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "కాదండీ, మీరు కాదు. అంత ఆశ పెట్టుకోకండి."

నవ్వులు ఇంకా పెరిగాయి. ఎరువుల దుకాణం ఆయన లేచి, "అయితె మూలకు ఒంటిగ కూసున్నది నేనే అయ్యుంట" అన్నాడు.

"అబ్బే, మీరూ కాదు."

ఆ నవ్వులు నాకెంత బాగున్నాయో చెప్పలేను. మా వాళ్ళు నా పరిశోధనతో ఆడుకుంటున్నారు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. మా గణాంకాల కుర్రవాడు పక్కనుంచి నా వైపు చూస్తున్నాడు. నేను చూడలేదు.

మధ్య వరసలోంచి ఎవరో అన్నారు. "ఎర్రయి అంటె ఆడోళ్ళయె గద? ఒకటి అవ్వది. ఇంకోటి ఎవరిది?"

కొన్ని తలలు వెనక్కి తిరిగాయి. గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు బావగారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతులో కోపం లేదు. మామూలుగా అడిగారు.

"అమ్మా, ఊరు దాటిపోయిన గా బాణం... గది మా ఇంటిదా?"

నేను గబుక్కున గంభీరంగా మారిపోయాను. పుస్తకంలో ఉన్న వాక్యం నోటికొచ్చింది. "క్షమించండి, ఎవరి వివరాలూ చెప్పకూడదండీ. అది మా నియమం."

గుసగుసలాడుతున్నవాళ్ళంతా బావగారి వైపు తిరిగారు. అప్పటికి గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. ముందు అడిగిన ఇద్దరికీ నవ్వుతూ కాదు కాదు అని చెప్పాను. మూడో ఆయనకు మాత్రం నియమం గుర్తొచ్చింది. మొదటి ప్రశ్నకే ఆ నియమం చెప్పి ఉంటే ఏ గొడవా లేదు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకున్న తరం అది. వేలు కదిలితే అర్థం చేసుకునేవాళ్ళకు నేను "కాదు" అనకపోవడం అర్థం కాదా?

బావగారు "మంచిదమ్మా" అని కూర్చున్నారు. లేచి వెళ్ళిపోలేదు. నా ఉపన్యాసం అయ్యేదాకా విన్నారు. టీ తాగారు. వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం కూడా పెట్టారు. అప్పటికే ఎవరో తెర మీది బొమ్మను ఫోటో తీసి గంజ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. నాది పెదవి కూడా దాటలేదు. వెనక్కి చూస్తే ఆడవాళ్ళ వరసలో ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

మరునాటి నుంచి ఆ అడ్తి ముందు రైతులు కనిపించడం మొదలైంది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. "ఏం లేదు సావుకారు, జర పని పడ్డది, మా పైసలుంటె ఇయ్యండి" అన్నారు. ఒకరిని చూసి ఒకరు. మామూలు రోజుల్లో ఏడాది పొడుగునా మెల్లగా అడిగేవాళ్ళు అందరూ ఒకేసారి వచ్చారు. లేదనడం రాని మనిషి ఎవరికీ లేదనలేదు. ఇవ్వడానికి గోదాము అమ్ముకున్నారు. ఒక పత్తి వ్యాపారి కొన్నాడు. చంద్రబండ ఆడవాళ్ళు పొద్దున్నే బస్సు దిగి వచ్చి, కొత్త తాళం చూసి, మళ్ళీ బస్సు వచ్చేదాకా అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయారట. ఇంట్లో బావగారు చిన్న కోడల్ని ఒక్కమాట అనలేదు. అసలు ఆమెతో మాట్లాడటమే మానేశారు.

ఇదంతా విని నేను దుకాణానికి వెళ్ళాను. ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్ళాను. తప్పు నాది, మీ ఇంటి కోడలిది కాదు అని. బావగారు నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు.

"మీరేం చేసిన్రమ్మా? మీరేం చెప్పలే గద," అన్నారు. టీ కప్పు నా ముందుకు జరిపి మళ్ళీ అన్నారు. "ఇన్నేండ్ల ఇజ్జత్ పోయింది, పోనియ్యి. నన్నడిగుంటె ఇయ్యకపోదునా? గదొక్కటి నాకు సమజైత లేదు."

జవాబు నా నాలుక చివర ఉంది. మీరు ఇస్తారని తెలిసే అడగలేదండీ, మీరు మునుగుతారని అడగలేదు అనాలి. అంటే, ఆయన చేతిలో డబ్బు లేదని ఆ ఇంటి కోడలికి తెలుసనీ, ఆ మాట ఆమె నాకు చెప్పిందనీ ఆయనకు తెలుస్తుంది. ఆమె నమ్మి చెప్పిన మాట అది, నేను చెప్పకూడదు అనుకున్నాను. నియమం మీద నాకు అప్పుడు పుట్టుకొచ్చింది భక్తి. హాల్లో లేని భక్తి. లోపల ఉన్నది మాత్రం భయం. ఆయన బాధ ఇంకా పెరిగితే చూడలేనన్న భయం. టీ తాగేసి లేచి వచ్చాను. ఆయనకు ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేను చెప్పలేదు. కొన్నేళ్ళకు, అది తెలియకుండానే ఆయన పోయారు.

కొన్నాళ్ళకు బెంగళూరు కుర్రాడు ఫోన్ చేశాడు.

"మేడం, మా వాళ్ళు వద్దనుకున్నారు. స్థలం పోయింది. ఇంటి అండ కూడా లేనట్టుంది."

"రొట్టెలు మంచివి కదయ్యా," అన్నాను.

"రొట్టెలు చాలా బాగుంటాయి మేడం. కానీ మీరే చెప్పారు కదా ఆ రోజు. సొంత ఊళ్ళో ఒక్కరి అండ కూడా లేని వ్యాపారాలు నిలబడవని. మీ స్లయిడ్ నేను మా నోట్‌లో పెట్టాను."

అతనికి అప్పుడే మొత్తం చెప్పి ఉండాల్సింది. స్థలం ఎందుకు పోయిందో, అండ ఎవరి వల్ల పోయిందో. "అవునా, సరేలే" అని ఫోన్ పెట్టేశాను. నా పాత విద్యార్థి ముందు తక్కువైపోతానని. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలంటారు మన వాళ్ళు. చేను పోయినవాళ్ళు చెప్పుకోలేదు. కంచె కూడా చెప్పుకోలేదు.

వ్యాసం అచ్చయింది. పేరొచ్చింది. ఆ బొమ్మ ఎంత స్పష్టంగా ఉందో అని ఇతర ఊళ్ళ వాళ్ళు క్లాసుల్లో చూపించారు. నా రిటైర్మెంట్ రోజు శాలువా కప్పి, దాన్ని పెద్దదిగా ఫ్రేము కట్టించి బహుమతిగా ఇచ్చారు. ఇంటికి తెచ్చి బీరువా వెనక పెట్టాను. మా గణాంకాల కుర్రవాడు ఆ సభకు వచ్చాడు, కానీ ఆ ఫ్రేము పట్టుకుని ఫోటోకు నిలబడమంటే మాత్రం పక్కకు తప్పుకున్నాడు. నన్నెప్పుడూ ఒక మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తరువాత ప్రాజెక్టు రెండో విడత వచ్చింది. మొదటి సర్వేలోని కొత్త వ్యాపారాల్లో ఏవి నిలిచాయి, ఏవి మూతపడ్డాయి, ఎందుకు అని అడగాలి. నేను రిటైరైనా సలహాదారుగా ఉంచారు. ఆమె దగ్గరికి పిల్లల్ని పంపకుండా నేనే వెళ్ళాను. అది ధైర్యమని అనుకున్నాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన వాడి సామెత మీకు తెలుసు కదా. అదే పని, చేతిలో ప్రశ్నావళితో.

అడ్తి మూసేసి వాళ్ళు తీన్ కందిల్ కూడలి దగ్గర చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నారు. ముందు బల్ల దగ్గర ఆమె కూర్చుని ఉంది. లోపల బావగారు కందిపప్పు తూచి పొట్లాలు కడుతున్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి తలూపి మళ్ళీ పనిలో పడ్డారు. ఆమె లేచి స్టూలు వేసింది.

"రాండక్కా, కూసోండి. నీళ్ళు తాగుతరా?"

నేను తిట్లు తినడానికే వెళ్ళాను. ఆమె తిడితే నాకు కొంచెం హాయిగా ఉండేదేమో. ఆమె ఆ హాయి నాకివ్వలేదు. చంద్రబండ ఆడవాళ్ళ గురించి అడిగితే, ఇద్దరు ముగ్గురు జవళగేర వైపు నాట్లకు పోతున్నారనీ, మిగతావాళ్ళ సంగతి తెలియదనీ చెప్పింది. బేరానికి వచ్చిన వాళ్ళకు సబ్బులు, టీ పొడి ఇస్తూనే నా ప్రశ్నలకు జవాబు చెబుతోంది. చివరికి ఆ ప్రశ్న వచ్చింది.

"వ్యాపారం మూసేయడానికి ముఖ్య కారణం ఏమిటి?" అని చదివి, కింద ఉన్న జవాబులు కూడా చదివాను. పెట్టుబడి దొరకలేదు. గిరాకీ లేదు. ఇంట్లో వాళ్ళ ఒత్తిడి. నడపడం చేతకాలేదు. ఇతర కారణాలు.

ఆమె ఇతర కారణాలు అంటుందని కాచుకుని ఉన్నాను. అంటే ఏమిటని అడగాలి, ఆమె చెప్పాలి, నేను నా చేత్తో రాసుకోవాలి. లోపల పప్పు తూచే చప్పుడు ఆగిపోయింది. ఆమె ఒకసారి లోపలికి చూసింది. పెట్టుబడి అన్నా, ఇల్లు అన్నా అక్కడ కూర్చున్న మనిషికి తగులుతుంది. ఇతర కారణం ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది.

"నాకే చాతగాలే అని రాసుకోండక్కా," అన్నది.

"అది కాదమ్మా..."

"గట్లనే రాయండి. నా పేరు ఉండది గద?"

"ఉండదు," అన్నాను. లోపల తూకం మళ్ళీ మొదలైంది. ఆమె చెప్పినట్టే రాసుకున్నాను.

రెండో నివేదిక కూడా అచ్చయింది. మీలో కొందరు దాన్ని చదివే ఉంటారు. మూతపడిన వ్యాపారాల పట్టికలో "నడిపే సామర్థ్యం లేక" అన్న వరస చూడండి. మహిళల కింద ఒకటి అని ఉంటుంది. అచ్చుకు పంపేముందు ఆ పట్టిక నా దగ్గరికే వచ్చింది. ఆ ఒకటి ఎవరో నాకు తెలుసు, ఆమె వల్ల కానిది ఏదీ లేదని కూడా తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.